గోడ మీది రూలు ఎవరి కోసం?

నెల్లూరు తీరాన అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాల్లో రొయ్యల చెరువు గట్టు మీద వినపడే మాటలు కొన్ని, ప్రాసెసింగ్ ప్లాంటు గేటు దాటాక వినపడే మాటలు కొన్ని. గట్టు మీద కౌంటు, సీడు, మేత, ఏరేటరు. గేటు లోపల కంప్లయన్స్, ఎస్‌ఓపీ, ఆడిట్, నాన్ కన్ఫర్మిటీ, కరెక్టివ్ యాక్షన్, వర్క్ పర్మిట్. మొదటివి రైతుకీ కూలీకీ నోటికొచ్చిన మాటలు. రెండోవి ఫైళ్ళలో ఉంటాయి, గోడ మీది బోర్డుల్లో ఉంటాయి. వాటి కింద కార్మికుల సంతకాలుంటాయి.

ఈ రెండో రకం మాటల మీద ఒక మేనమామకీ మేనకోడలికీ జరిగిన వాదన ఇది. మేనమామ రొయ్యల ప్లాంట్లలో క్వాలిటీ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. విదేశీ కొనుగోలుదారుల ఆడిట్లు ఎన్నో దగ్గరుండి దాటించిన మనిషి. మేనకోడలు ఇదే తీరంలో వేరే ప్లాంటులో హెచ్‌ఆర్, కంప్లయన్స్ చూస్తుంది. రూలు కార్మికులకు తెలిసిన భాషలో ఉండాలన్నది ఆమె పట్టు. ఇంగ్లీషు మాటల్ని కదిలిస్తే కట్టుకున్నదంతా కూలుతుందన్నది ఆయన భయం. నేను ఎటు మొగ్గానో చదువుతుంటే తెలుస్తుంది, దాచే ఉద్దేశం లేదు.

మేనకోడలు: నిన్న ట్రైనింగ్ రిజిస్టర్‌లో సంతకాలు పెట్టించా మామా, పీలింగ్‌లో రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళందరి చేతా. పేజీ పైన 'చదివి అర్థం చేసుకున్నాను' అని ఇంగ్లీషులో అచ్చేసి ఉంది. కింద కొందరు పేరు రాశారు, కొందరు వేలిముద్ర వేశారు. చదవడం రాదు కాబట్టి వేలిముద్ర వేసిన మనిషి చేత, చదివి అర్థం చేసుకున్నానని చెప్పిస్తా ఉండాం. ఆ కాయితం ఎవరిని కాపాడేదానికి?

మేనమామ: ప్లాంటుని కాపాడేదానికి. అందులో దాచేదేముంది? ప్లాంటు నిలబడితేనే వాళ్ళ కూలి నిలబడేది. ఈ తీరం తిన్న దెబ్బలు నువ్వు చూళ్ళేదమ్మా. 1994, 95లో తెల్లమచ్చ తెగులొచ్చి టైగర్ రొయ్య చెరువులకి చెరువులే పోయినాయి. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, తీర నియంత్రణ పరిధిలో ఉండే రొయ్యల చెరువులు తీసెయ్యమని. 1997 ఆగస్టులో యూరోపియన్ యూనియన్ మన దేశపు చేపా రొయ్యా రానియ్యం అంది. ప్లాంట్లలో శుభ్రత చాలదన్నారు. అదే ఏడాది డిసెంబర్‌లో అమెరికా వాళ్ళ హెచ్‌ఏసీసీపీ ఆహార భద్రత నిబంధన అమల్లోకొచ్చింది. అంతవరకు రొయ్య బాగుందా లేదా అన్నది మా కంటికీ ముక్కుకీ తెలిసేది. ఆ తర్వాత రాసి చూపిస్తేనే బాగున్నట్టు. యాడ ఐసు తగ్గింది, ఎన్ని గంటలకి చూశారు, ఎవరు చూశారు, చూసి ఏం చేశారు. ఆ రాతే మనల్ని నిలబెట్టింది. ఆ రాత ఇంగ్లీషులో ఉంది.

మేనకోడలు: తీర్పు సంగతి నువ్వే ఎత్తావు కాబట్టి అడుగుతా. దాన్లో కార్మికుల గురించి ఏముందో తెలుసా? మూతపడే చోట ఏడాదికి తక్కువ కాకుండా వరసగా పనిచేసి ఉన్నవాళ్ళకి, చట్టప్రకారం వచ్చే పరిహారం కాకుండా, ఇంకో ఆరేళ్ళ జీతం అదనంగా ఇవ్వమని ఉంది.

మేనమామ: ఆరేళ్ళ జీతమా? నేను వినలేదే. ఆ రోజుల్లో మా చెవిన పడింది చెరువులు తీసేస్తారంట అన్న మాట ఒక్కటే. అయినా రివ్యూ పిటిషన్లు పడి ఆ తీర్పు అమలు ఆగిపోయింది గదా. తర్వాత 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టమొచ్చి లెక్కే మారింది.

మేనకోడలు: ఆగిపోయింది, సరే. ఆగకపోయి ఉంటే? గట్టు మీద గుడిసెలో కాపలా ఉండే మనిషికి, మేత చల్లే మనిషికి ఆ వాక్యం యాడ దొరికేది? క్వాలిటీలో ఉండిన నీకే చేరలేదు. రొయ్యని గురించిన వాక్యాలన్నీ చేరినాయి. మనిషిని గురించింది చేరలేదు.

మేనమామ: నిష్ఠూరమాడబాక. రొయ్య తప్పితే కంటైనర్ వెనక్కొస్తుంది, అందుకని దాని మాటలు ముందు చేరినాయి. యాంటీబయాటిక్ గొడవే తీసుకో. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు ముట్టుకోకూడదు. రొయ్య కండలో వాటి ఆనవాలు వందకోట్లలో ఒక వంతు ఉన్నా మెషిన్ పట్టేస్తుంది. 2016లో యూరప్ మన చెరువు రొయ్యకి తీసే శాంపిళ్ళని నూటికి 10 నుంచి 50కి పెంచింది. అమెరికా వాళ్ళు 2018 డిసెంబర్ 31 నుంచి, దిగుమతి చేసుకునేవాడి దగ్గర ఆ రొయ్య యాడ పెరిగిందో రికార్డు ఉండాలంటా ఉండారు. మైపాడు పక్కన చెరువులో పట్టిన సరుకు బోస్టన్‌లో కోల్డ్ స్టోరేజీకి పోయినా, ఏ చెరువుదో వెనక్కి పట్టుకోగలగాలి. మధ్యలో ఎవరో ఒకరు తన భాషలో తిప్పి రాశారనుకో, ట్రేసబిలిటీ ఆడ తెగిపోతుంది. అందుకే మొదట్నించీ చివర దాకా ఒకటే భాష. అది మన భాష కాలేదన్న బాధ నాకూ ఉంది. బాధపడితే కంటైనర్ కదలదు.

మేనకోడలు: లాటు నంబరు తెలుగులో రాయమని నేనన్నానా? రైతుకి ఈ ఇంగ్లీషంతా ఎట్లా ఎక్కిందో చూడు మామా. 2007లో, సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే ఎంపెడా కింద, రొయ్య రైతుల కోసం నాక్సా అనే సంస్థ పెట్టారు. చిన్న రైతుల్ని సంఘాలుగా కట్టించి, చెరువుల దగ్గరికే పోయి తెలుగులో చెప్పారు. మందు పేరు ఇంగ్లీషుదే, వివరం తెలుగు. క్లోరాంఫెనికాల్ అని నోరు తిరగని రైతుకి కూడా, అది వాడితే తన పంట కొనేవాడుండడని తెలుసు. అంత ఓపిగ్గా రైతుకి చెప్పినోళ్ళం, ఒలిచే మనిషికి ఎందుకు చెప్పం?

మేనమామ: రైతు పంటకి యజమాని. తెలీకపోతే మునిగేది తనే. ఒలిచే మనిషికి కావాల్సింది సూపర్‌వైజర్ చెప్తానే ఉంటాడు. చెయ్యి కడుక్కో, క్యాపు పెట్టుకో, గోళ్ళు తీసుకో, గాజులు బయట పెట్టి రా. అంతకి మించి ఏం తెలియాలి?

మేనకోడలు: పోయిన నెల జరిగింది చెప్తా. టేబుల్ దగ్గర ఒకామె గ్లవ్ మీద గ్లవ్ వేసుకోని ఒలుస్తా ఉంది. ఏందమ్మా అని చెయ్యి పట్టుకుంటే గట్టిగా వెనక్కి లాక్కుంది. పక్కకి తీసుకుపోయి విప్పించా. రొయ్య తల ముల్లు గీరుకోని చూపుడువేలు చీరింది. దాని మీద గుడ్డపేలిక చుట్టింది. పొద్దుట్నించీ ఐసు నీళ్ళలో నాని వేలంతా తెల్లగా ఉబ్బి ఉంది. గాయం అంచులు రంగు పోయి విచ్చుకోని ఉండాయి. రక్తం ఆ పేలికలోనే ఆగిందో, గ్లవ్ దాటిందో నేను చెప్పలేను.

మేనమామ: ఏ లాటు అది? ఆ టేబుల్ సరుకు పక్కన పెట్టించావా లేదా?

మేనకోడలు: పెట్టించా. నువ్వు ముందు ఆ మాటే అడుగుతావని తెలుసు. ఇప్పుడు అసలు సంగతి విను. చెయ్యి తెగితే ఎందుకు చెప్పలేదమ్మా అంటే, చెప్తే ఇంటికి పంపేస్తారు, ఈ పూట కూలి పోతుంది అనింది. ఏ పని ఎట్లా చేయాలో రాసి ఉంచే మా ఎస్‌ఓపీలో ఏముందో తెలుసా? గాయమైన మనిషిని రొయ్య ముట్టుకోని పనికి మార్చాలి. అట్టపెట్టెలు మడిచే చోటికో, లేబుళ్ళ దగ్గరికో. కూలి తగ్గించకూడదు. ఆ పేరా కింద ఆమె సంతకం ఉంది మామా! తనకి పనికొచ్చే రూలు కింద తనే సంతకం పెట్టి, అది ఉందని తెలీక, తెగిన వేలుతో ఐసులో నిలబడింది.

ఇక్కడ నేను ఆగాలి. ప్లాంటులో ఆహార భద్రత ఫైళ్ళు క్వాలిటీ గదిలో ఉంటాయి, కార్మికుల భద్రత ఫైళ్ళు హెచ్‌ఆర్ గదిలో ఉంటాయి. ఆడిట్‌కి వచ్చేవాళ్ళు కూడా చాలాసార్లు వేరువేరు మనుషులు. ఆ వేలి దగ్గర రెండు ఫైళ్ళూ ఒకటే. ఆమెకి ఆ పేరా తెలిసి ఉంటే ఆమె కూలీ దక్కేది, ఆ సరుకు మీద అనుమానమూ ఉండేది కాదు. మేనమామ 'ఏ లాటు' అని అడగడం నాకు కఠినంగా వినపడలేదు. ఆయన జీవితమంతా కాపాడిన వస్తువు ఆ లాటు. దాన్ని కాపాడాలంటే ఆ పేరా ఆమెకి అర్థం కావాలన్న సంగతి అప్పటిదాకా ఆయన లెక్కలో లేదు, అంతే.

మేనమామ: సరే, ఆ పేరా తెలుగులో పెట్టాల్సిందే. ఒప్పుకుంటా. అయితే ఏ తెలుగమ్మా? మా ప్లాంటులో ఒకసారి తెలుగు బోర్డులు చేయించారు. 'సంక్రమిత వ్యాధిగ్రస్తులకు ఉత్పాదన ప్రాంగణమందు ప్రవేశము నిషేధించడమైనది.' తెలుగు బాగా చదవొచ్చిన పిల్లే, దాని కింద నిలబడి ఏం రాసుంది సార్ అని నన్నడిగింది. ఆ తెలుగు కంటే 'ఫీవర్ ఉంటే లోపలికి రావద్దు' అన్న మాట నయం గదా? ఇంగ్లీషు మాట తీసేసి, ఎవరికీ తెలీని ఇంకో మాట పెడితే ఏం లాభం?

మేనకోడలు: ఆ బోర్డు నేను రాసినా చింపేస్తా. నేను రాసింది చూడు. 'జ్వరమొచ్చినా, విరేచనాలైనా, చెయ్యి తెగినా ముందు సూపర్‌వైజర్‌కి చెప్పండి. వేరే పనికి మారుస్తారు. కూలి తగ్గదు.' మూడే వాక్యాలు. మేనేజర్ చదివి, మూడోది తీసెయ్యమన్నాడు.

మేనమామ: కూలి తగ్గదు అన్నదాన్నా?

మేనకోడలు: దాన్నే. ఎస్‌ఓపీలో ఉండేదే సార్ అంటే, ఉంటే ఉండనీ, బోర్డు మీదెందుకు అన్నాడు. ఇంగ్లీషులో ఉన్నన్నాళ్ళూ ఆ వాక్యం ఎవరికీ అడ్డం రాలేదు. తెలుగులోకొచ్చేసరికి దానికి ఖర్చు కనిపించింది.

మేనమామ: ఆయన భయం ఆయనది. రేపు చిన్న గీత పడినా అట్టపెట్టెల దగ్గరికి పోతామంటారు. సీజన్‌లో సరుకు దిగినప్పుడు ఒలిచేవాళ్ళు తగ్గితే రొయ్య ఆగదు గదా, తల నల్లబడిపోతుంది. నేనా కుర్చీలో కూర్చున్నా ఆలోచించి ఉందును.

మేనకోడలు: ఆలోచించి తీసేసి ఉందువా?

మేనమామ: తీసేసి ఉందునేమో. అబద్ధమెందుకు చెప్పాల.

మేనకోడలు: ఇది నా సొంత కోరిక అనుకుంటా ఉండావేమో. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం 9వ సెక్షన్ చూడు. సర్టిఫై అయిన స్టాండింగ్ ఆర్డర్స్‌ని, అంటే పనిచోటి రూల్స్‌ని, ఇంగ్లీషులోనూ, ఎక్కువమంది కార్మికులకి అర్థమయ్యే భాషలోనూ, వాళ్ళు వచ్చే దారిలో బోర్డు పెట్టి అతికించమంది. 1948 ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్‌లోనూ అదే మాట. నోటీసులు రెండు భాషల్లో ఉండాల, మెయిన్ గేటు దగ్గర కళ్ళకి కనపడే చోట ఉండాల. భోపాల్ గ్యాసు ప్రమాదం తర్వాత 1987లో ఆ చట్టానికి 111-ఏ కలిపారు. తన ఆరోగ్యానికీ భద్రతకీ సంబంధించిన సమాచారం అడిగి తీసుకునే హక్కు కార్మికుడికి ఉందని. తెలీని భాషలో ఇచ్చింది సమాచారం అవుతుందా?

మేనమామ: ఆ చట్టాలిప్పుడు యాడుండాయి? 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు వచ్చేసినాయి. పాతవి 29 చట్టాలు వాటిలో కలిసిపోయినాయి.

మేనకోడలు: కోడ్‌లు వచ్చింది నిన్నగాక మొన్న. అంతకు ముందు 77 ఏళ్ళు ఆ 108వ సెక్షన్ ఉండిందే, అప్పుడు మన గేట్ల దగ్గర ఎన్ని బోర్డులు చదివేట్టు ఉన్నాయి? కొత్త కోడ్‌లో ఏం రాసుందో చర్చించేదానికి మనకి సెమినార్లు పెడతా ఉండారు, ఇంగ్లీషులో. పీలింగ్‌లో ఆమెకి కోడ్ అనే మాటే తెలీదు. నియామక పత్రం ప్రతి కార్మికుడికీ ఇవ్వాలని కొత్త కోడ్ చెప్తుంది గదా, అదన్నా ఆమెకి చెప్పొద్దా?

మేనమామ: నా దగ్గర ఒక మాటుంది, దానికి జవాబు చెప్పు చూద్దాం. ఇంగ్లీషు మాట అయినందువల్ల కార్మికులకి అర్థం కాదు అంటున్నావు. పీఎఫ్ అర్థం కాదా? ఈఎస్‌ఐ అర్థం కాదా? ఓటీ? బోనస్? గ్రాట్యుటీ? జీతం కాయితంలో ఈఎస్‌ఐకి నూటికి ముప్పావలా కోస్తారని అక్షరమ్ముక్క రాని మనిషి కూడా చెప్తుంది. బోనస్ ఎయిట్ పాయింట్ త్రీ త్రీ అని, ఏదో మన ఊరి పేరు చెప్పినట్టు చెప్తారు. నేలటూరులో కరెంటు ఫ్యాక్టరీకి దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు గదా, 1965లో బోనస్ చట్టమొచ్చినప్పుడు కేంద్రంలో కార్మిక మంత్రి ఆయనే. ఆ చట్టం ఇంగ్లీషులోనే వచ్చింది. ఎవరూ దాన్ని తెలుగు చేసి పంచిపెట్టలేదు. అయినా బోనస్ తెలీని కూలీ ఈ తీరంలో లేడు. అక్కర ఉంటే ఏ భాష మాటైనా మనిషి పట్టుకుంటాడమ్మా. నీ ఎస్‌ఓపీ మాటలు వాళ్ళకి పట్టకపోతే, తప్పు ఇంగ్లీషుది కాదు.

మేనకోడలు: కాదు. ఈ మాట నేను ఒప్పుకుంటా. మరి తప్పు ఎవరిది? ఓటీ ఆమె మాట ఎందుకయింది? ఒక గంట ఎక్కువ పనిచేస్తే ఎంత రావాలో పక్కనున్న మనిషి చెప్పింది. తక్కువిస్తే ఇద్దరూ కలిసి అడిగారు. ఆ మాట పట్టుకోని ఆఫీసు గుమ్మం ఎక్కొచ్చు. 'నాన్ కన్ఫర్మిటీ' పట్టుకోని ఆమె యాడికి పోతుంది? ఆ మాట ఎప్పుడొచ్చినా ఆమె మీదికే వస్తుంది. క్యాపులోంచి వెంట్రుక బయటికొచ్చింది, రాయి. గ్లవ్ చిరిగింది, రాయి. గ్లవ్‌లు చాలినన్ని ఇవ్వకపోవడం కూడా నాన్ కన్ఫర్మిటీయే గదా మామా, అది ఆమె చేత ఎప్పుడన్నా రాయించామా?

మేనమామ: ...రాయించలేదు.

మేనకోడలు: ఇంటర్నల్ కమిటీ సంగతి చూడు. 2013 చట్టం, ఆడవాళ్ళని పనిచోట ఇబ్బంది పెడితే ఫిర్యాదు చేసేదానికి. కమిటీ వివరాలు అందరికీ కనపడే చోట పెట్టాలి. మా దగ్గర పెట్టినారు, ఇంగ్లీషులో, అడ్మిన్ బ్లాక్‌లో. పీలింగ్ వాళ్ళు ఆ బ్లాక్‌లోకి రారు. రాత రాని మనిషి ఫిర్యాదు చేయాలంటే కమిటీ వాళ్ళే రాసిపెట్టి సాయం చేయాలని ఆ చట్టంలోనే ఉంది. తెలిస్తే ఆ మాట కూడా ఓటీ మాదిరి వాళ్ళ మాట అయిపోదా?

మేనమామ తెచ్చిన బోనస్ ఉదాహరణ ఈ వాదన మొత్తంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. నేను అంతవరకు దీన్ని భాషాభిమానం సంగతిగానే చూశాను. ఏ మాట తన జేబుకీ ఒంటికీ అక్కరకొస్తుందో ఆ మాటని కార్మికులు ఎవరూ నేర్పకుండానే తెలుగు చేసుకున్నారు. పీఎఫ్, ఓటీ ఈరోజు తెలుగు మాటలే. మిగిలినవి పరాయిగా ఉండిపోయాయంటే, వాటిని వాడుకునే దారి కార్మికులకి ఎవరూ చూపించకపోవడం వల్లే. అందుకే బోర్డుని తెలుగులోకి మార్చి 'కూలి తగ్గదు' అన్న వాక్యం తీసేస్తే అది తెలుగు బోర్డే అవుతుంది, ఆమెకి మాత్రం పనికి రాదు. ఇంగ్లీషు పేరు ఉంచి, దానితో ఏం అడగొచ్చో నోటితో చెప్తే ఆమెకి పనికొస్తుంది. ఇందులో గెలిచింది మేనమామా, మేనకోడలా అని నేను తేల్చలేను. నా మనసు మాత్రం వేలు తెగినామె పక్షాన ఉంది.

మేనమామ: ఇంకో సంగతి. మా ఇంజినీరింగ్ వాళ్ళ మాటలు వేరు. అమ్మోనియా లైను, కంప్రెసర్, మురుగునీళ్ళు శుద్ధి చేసే ఈటీపీ ట్యాంకు. ఆడ పొరపాటైతే వేలుతో పోదు. అందుకే ఆడ పర్మిట్ ఇంగ్లీషులో, అచ్చు ఫారంలో, ఒక్క మాట మార్చకుండా ఉంటుంది. ఎవరికి తోచిన తెలుగు వాళ్ళు చెప్తే మనుషులు చస్తారు.

మేనకోడలు: 2017 మార్చి 30న పశ్చిమగోదావరిలో, మొగల్తూరు మండలం నల్లంవారితోట దగ్గర ప్లాంటులో ట్యాంకు కడగను పోయి ఐదుగురు చచ్చిపోయారు మామా, విషవాయువు పీల్చి. మన పనే వాళ్ళదీ, మన రొయ్యే. పాత ఫ్యాక్టరీల చట్టంలో 36వ సెక్షన్ ఉండింది, అట్లాంటి ట్యాంకుల గురించే. లోపల గాలి పరీక్ష చేసి, ప్రమాదం లేదని తెలిసిన మనిషి రాసియ్యాల. లేదంటే దిగేవాడికి ఊపిరి పరికరం పెట్టి, నడుముకి బెల్టు కట్టి, బెల్టుకి తాడు కట్టి, ఆ తాడు కొస బయట ఇంకో మనిషి పట్టుకోవాల. ఇది 1948 నాటి రాత. అర్థం కానిది ఒక్కటుందా అందులో? తాడు, బెల్టు, బయట ఒక మనిషి. దీన్ని 'కన్‌ఫైన్డ్ స్పేస్ ఎంట్రీ పర్మిట్' అని పేరు పెట్టి ఫైల్లో పెట్టాం. ట్యాంకులోకి దిగేవాడికి ఆ పేరూ తెలీదు, తాడూ తెలీదు.

మేనమామ: నాకు తెలుసు ఆ ట్యాంకుల సంగతి. పైన తెట్టు కట్టి నిమ్మళంగా ఉంటుంది, కర్రతో కదిపితే లోపలి గ్యాసు ఒక్కసారి లేస్తుంది. కుళ్ళిన గుడ్డు వాసనొస్తే ప్రమాదమని అందరికీ తెలుసు. గ్యాసు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలీదు, అది తెలీదు ఎవరికీ. వాసన పోయింది, ఇంక పర్లేదు అనుకోని దిగుతారు. ఒకడు పడిపోతే వాణ్ణి తీసుకొచ్చేదానికి రెండోవాడు దూకుతాడు. మనవాడు పడిపోతే నిలబడి చూస్తామా అంటారు.

మేనకోడలు: ఇప్పుడు నువ్వు చెప్పిందే, ఇదే మాటల్లో, నాకు కాయితం మీద కావాల. తెట్టు కట్టడం, ముక్కు మొద్దుబారడం, రెండోవాడు దూకడం. ఇది మా పర్మిట్‌లో యాడా లేదు.

మేనమామ: రాసిస్తా. కానీ నాకొక సందేహం తీర్చు. నీ పీలింగ్‌లో ఒడిశా పిలకాయలు ఎంతమంది ఉండారు? శ్రీకాకుళం నుంచొచ్చినోళ్ళకి తెలుగు సరిపోతుంది. ఒడిశా వాళ్ళకి? ఎక్కువమందికి అర్థమయ్యే భాష అనింది నీ పాత సెక్షన్. తక్కువమంది ఏం కావాల? ఇంగ్లీషు అందరికీ సమానంగా రాదు. తెలుగు పెడితే కొందరికి వచ్చి కొందరికి రాకుండా పోతుంది. అది ఇంకో అన్యాయం కాదా?

మేనకోడలు: అందరికీ సమానంగా రాకపోవడం న్యాయమా మామా? ఒడియా కూడా పెడతాం. హాస్టల్‌లో ఉండే పిల్ల ఒకామెకి తెలుగు బాగా వచ్చు. పోయిన నెల చెయ్యి తెగిన సంగతి చెప్పేటప్పుడు ఆమెని పక్కన కూర్చోబెట్టుకున్నా. నేను చెప్పింది తిరిగి ఒడియాలో చెప్పేసరికి ఒక్కసారిగా అందరూ మాట్లాడ్డం మొదలుపెట్టారు. అంతకుముందు ట్రైనింగ్‌లో ఎప్పుడూ ఒక్క ప్రశ్న రాలేదు. ఆ రోజు ముగ్గురు చేతులు చూపించారు, గాయాలతో.

మేనమామ: ఆ పిల్ల తప్పు చెప్తే బాధ్యత ఎవరిది? ఆడిటర్ అడుగుతాడు.

మేనకోడలు: నాది. ఇప్పుడు ఇంగ్లీషులో చెప్పి ఎవరికీ అర్థం కాకపోతే బాధ్యత ఎవరిదో ఆడిటర్ ఎప్పుడన్నా అడిగాడా? ఆడిటర్ వచ్చేముందు రోజు మనం వాళ్ళకి నేర్పేది ఒకటే, ఏం అడిగినా బాగుంది అనమని.

మేనమామ: అది మాత్రం మాన్పించమ్మా. నేనూ చేశా ఆ పని, కొనేవాడు పోతాడన్న భయంతో. అది తప్పని తెలిసే చేశా.

మేనకోడలు: మాన్పిస్తా. ఇంకో సంగతి. వచ్చేవారం ఈటీపీ ట్యాంకు కడగాల. కాంట్రాక్టరు బయట్నించి మనుషుల్ని తెస్తాడు. వాళ్ళు మా ట్రైనింగ్‌కి ఏ రోజూ రారు, రిజిస్టర్‌లో వాళ్ళ పేర్లే ఉండవు. పొద్దున దిగుతారు, సంతకం పెడతారు, సాయంత్రం డబ్బు తీసుకోని పోతారు.

మేనమామ: పర్మిట్ ఇంగ్లీషులోనే ఉండాల. నేనా మాట మార్చుకోను. ఏదన్నా జరిగితే రేపు ఇన్‌స్పెక్టర్ ముందు, కోర్టు ముందు నిలబడేది అదే, కాంట్రాక్టరు తప్పించుకోకుండా పట్టేదీ అదే.

మేనకోడలు: ఉండనీ మామా. చదివి వినిపించకుండా సంతకం మాత్రం పెట్టించను.

మేనమామ: చదివి వినిపిస్తే చాలదు, తల ఊపేస్తారు. ఒక్కొక్కడి చేతా తిరిగి చెప్పించు. గ్యాసు ఎవరు చూశారు, తాడు ఎవరి చేతిలో ఉంటుంది, లోపలివాడు పడిపోతే నువ్వేం చేస్తావు అని అడుగు. నేనే దిగి పట్టుకొస్తా అన్నవాణ్ణి ఆ రోజు ట్యాంకు దగ్గరికి రానీకు.

మేనకోడలు: అట్లయితే మనుషులు చాలరు, ట్యాంకు ఆగిపోతుంది అంటాడు మేనేజర్.

మేనమామ: ఆగనీ. మనుషులు సరిపోయిన రోజు కడుక్కోమను. ఆ రోజు నన్నూ పిలువు, ఫారం నింపేదానికి కాదు, మీటరు పట్టుకోని గాలి నేను చూస్తా.